నాన్నతో ఎడారి టెంట్‌లో రెండు రాత్రులు

"టెంట్ మేమే వేసి ఉంచుతాం. మంచాలు, పరుపులు, దుప్పట్లు అన్నీ లోపలే ఉంటాయి. మీరు బట్టలు తెచ్చుకుంటే చాలు" అని టెంట్లు అద్దెకిచ్చేవాళ్ల ప్రకటనలో రాసి ఉంది. అది చదివే బుక్ చేశాను. అందులో అబద్ధం లేదు. మంచం ఉంది, పరుపు ఉంది, దుప్పటీ ఉంది. కానీ గుడ్డ గోడల మధ్య ఎడారిలో రాత్రి గడపడమంటే ఏమిటో, అందులోనూ డెబ్బై దాటిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్తే ముందే ఏమేం చూసుకోవాలో నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేం ఉండేది అమెరికాలోని శాండియాగోలో. నాన్న అక్టోబరులో వచ్చారు, మార్చి 20న తిరుగు ప్రయాణం. మా వదిన పురుడు ఉండటంతో అమ్మ రాలేకపోయింది. నాన్నకు పొద్దున్నే పంచాంగం చూసుకోవడం అలవాటు. క్రోధి నామ సంవత్సర పంచాంగం పెట్టెలో పెట్టుకుని మరీ తెచ్చుకున్నారు. రాత్రి భోజనాలయ్యాక బాల్కనీలో నిలబడి పైకి చూసేవారు. "ఈ ఊళ్లో చుక్కల్లేవేమ్మా?" అన్నారు ఒకరోజు. ఊరి లైట్ల వెలుగులో కనిపించవని చెప్పాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు.

మాకు రెండున్నర గంటల దూరంలో బొరేగో స్ప్రింగ్స్ అనే చిన్న ఊరుంది. చుట్టూ ఆంజా-బొరేగో ఎడారి, కాలిఫోర్నియా స్టేట్ పార్కులన్నిటిలోకీ పెద్దది. రాత్రి చీకటిని కాపాడుకుంటున్నందుకు 2009లోనే ఆ ఊరికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. ఊళ్లో ఒక్క ట్రాఫిక్ సిగ్నల్ కూడా లేదు. 2025 ఫిబ్రవరి 27 అమావాస్య, 28 శుక్రవారం. ఆ వారం గ్రహాలన్నీ సాయంత్రం ఆకాశంలో ఒకేసారి ఉంటాయని మా బాబు స్కూల్లో కూడా చెప్పారు. జనవరి 6న కూర్చుని బుక్ చేసేశాను.

రాత్రికి 159 డాలర్లు, వారాంతమైతే రెండు రాత్రులు తప్పనిసరి. దాని మీద శుభ్రం చేసినందుకు 45, పన్నుతో కలిపి మొత్తం 392 డాలర్లు. పద్నాలుగు రోజుల ముందు వరకే రద్దు చేసుకోవచ్చు, ఆ తర్వాత పైసా వెనక్కి రాదు. ఎడారిలో గాలి వస్తుందో రాదో పద్నాలుగు రోజుల ముందు ఎవరికీ తెలియదు కాబట్టి, ఆ షరతు ఒప్పుకున్నామంటే వాతావరణం ఎలా ఉన్నా వెళ్లాల్సిందే. దీని గురించి రెండుసార్లు ఆలోచించండి. వెళ్లడానికి నాలుగు రోజుల ముందు ఇంకో ఈమెయిల్ వచ్చింది: తువ్వాళ్లు, టార్చిలైట్లు, తాగే నీళ్లు మనవే తెచ్చుకోవాలట. తువ్వాళ్ల సంగతి ఆ చివరి ఈమెయిల్ దాకా ఎక్కడా లేదు.

శుక్రవారం బాబుకు స్కూలు మాన్పించి పదకొండున్నరకు బయల్దేరాం. రమోనా, శాంటా ఇసబెల్ దాటి, కొండ మీద రాంచీటా అనే చోటు దాకా బాగానే సాగింది. అక్కడినుంచి ఎడారిలోకి దిగే ఘాట్ రోడ్డు ఉంది చూశారూ, మూడు వేల అడుగులకు పైగా దిగాలి. చెవులు మూసుకుపోయాయి. నాన్న కళ్లు మూసుకుని, ముందు సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. సగం దిగాక ఒక మలుపు దగ్గర ఆపించి పది నిమిషాలు నిలబడ్డారు. కిందంతా లేత గోధుమరంగు నేల, అంచుల్లో ఒక్క పచ్చని చెట్టు లేని కొండలు. "ఇక్కడ మనుషులుంటారా?" అన్నారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు వాంతి మాత్ర ముందే వేయించండి. నేను తెచ్చాను గానీ వేయించడం మరిచిపోయాను.

చెకిన్ మూడింటికి. మేం మూడింటికి ఐదు నిమిషాల ముందే వెళ్లాం. టెంట్ ఇంకా సిద్ధం కాలేదన్నారు, పదిహేను నిమిషాలన్నారు. ఆఫీసు ముందు ఒకే బెంచీ, దానికి నీడ లేదు. ఫిబ్రవరి ఎండే గానీ ఆ తెల్లటి నేల మీద కళ్లు తెరవనివ్వలేదు. నాన్నను కారులో కూర్చోబెట్టి ఏసీ వేశాం. నాలుగున్నర దాటాక తాళం చేతికొచ్చింది. తాళమంటే జిప్పుకు వేసే చిన్న నంబరు తాళం. గంటన్నర ఆలస్యానికి సారీ కూడా చెప్పలేదు. నాన్న ముందు చులకనైనట్టు అనిపించి నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన మాత్రం "పోనీలేమ్మా, ఎండ తగ్గింది" అన్నారు.

టెంట్ చూడగానే ఆ కోపం కాస్త తగ్గింది. చెక్క తిన్నె మీద గంట ఆకారంలో వేసిన కాన్వాస్ టెంట్. మధ్యలో నిలువునా ఒక కొయ్య, చుట్టూ ఇసుకలోకి దిగ్గొట్టిన మేకులకు కట్టిన తాళ్లు. లోపల ఒక పెద్ద మంచం, రెండు మడత మంచాలు, చిన్న బల్ల, ఒక దీపం, ఒక కరెంటు హీటరు. నాన్న వంగి లోపలికి వచ్చి, అన్నిటికంటే ముందు గుడ్డను రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశారు. "మంచి దళసరి గుడ్డే. టార్పాలిన్‌లా కాదు, ఊపిరాడుతుంది" అన్నారు. ఆయన ధాన్యం బస్తాలతో బతికిన మనిషి, గుడ్డ పట్టుకుంటే తెలిసిపోతుంది.

మొదటి చిక్కు ఆరు గంటలకు. నాన్నకు టీ పెడదామని ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టాను. అప్పటికే హీటరు తిరుగుతోంది. టప్పుమని చీకటి. హీటరు 1500 వాట్లు, కెటిల్ 1200. ఇక్కడి 120 వోల్టుల లైను మీద 15 ఆంపుల బ్రేకరు 1800 వాట్లకు మించి మోయదు. బ్రేకరు పెట్టె ఎక్కడో బాత్రూముల వెనక ఉంది, దానికి తాళం. మనిషి వచ్చి వేసేసరికి ఇరవై ఐదు నిమిషాలు. నేను రైస్ కుక్కర్ కూడా తెచ్చాను, దాన్నిక కారులోంచి దించలేదు. ఆ రెండు రోజులూ ఇంటినుంచి తెచ్చిన పులిహోర, రొట్టెలు, ఊరగాయతోనే గడిచిపోయింది. వండుకోవాలనుకుంటే గ్యాసు పొయ్యి తీసుకెళ్లండి, దాన్ని టెంట్ బయటే వెలిగించండి.

చలిమంటకు కట్టెలు ఆఫీసులోనే కొనాలి, కట్ట పది డాలర్లు. పార్కులో పడి ఉన్న పుల్లలు ఏరడం నిషేధం. ఒక్క కట్ట గంటలో అయిపోయింది. మొత్తం మూడు కట్టలు కొన్నాం.

ఇక ఆకాశం. దీని గురించి తొందరగా చెప్పడం నావల్ల కాదు. ఐదూ నలభైకి పొద్దుగూకింది. పడమటి కొండలు ఎత్తుగా ఉండటంతో బుధుడూ, సన్నటి నెలవంకా వాటి వెనకే ఉండిపోయారు, కనిపించలేదు. శుక్రుడు మాత్రం కొండ మీద దీపం పెట్టినట్టున్నాడు. నాన్న కుర్చీ ఇసుకలో వేయించుకుని, శాలువా కప్పుకుని, పంచాంగం ఒళ్లో పెట్టుకున్నారు. మా ఆయన ఎర్ర లైటు పట్టుకున్నారు. తెల్ల లైటు ఒక్కసారి వేస్తే కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, అందుకే ఎర్రది తెచ్చుకున్నాం.

"గురువు వృషభంలో" అని చదివి తల పైకెత్తారు నాన్న. నడినెత్తిన పెద్ద తెల్లటి చుక్క, దాని పక్కనే ఎర్రగా రోహిణి. "అదుగో, రోహిణి దగ్గరే ఉన్నాడు" అన్నారు. "కుజుడు మిథునంలో." పునర్వసు జంట చుక్కల పక్కన నిప్పు కణికలా అంగారకుడు. "ఆర్ద్ర అది. పిల్లలకోడి అదుగో, కనిపించిందా నాన్నా?" అని మనవడి గడ్డం పట్టుకుని తల తిప్పుతున్నారు. కృత్తికలను మా ఊళ్లో పిల్లలకోడి అంటారని వాడికి ఆ రాత్రే తెలిసింది. వాడు ఏడు చుక్కలు లెక్కపెట్టాడు, నాకు ఆరే కనిపించాయి. నాన్న కాసేపటికి మాట్లాడటం మానేసి పంచాంగం మూసేశారు. "అరవయ్యేళ్ల నుంచి ఈ గళ్లల్లో అంకెలు చూస్తున్నానమ్మా. పేజీలో ఉన్నది పైన అట్టాగే ఉంటే చూడటం ఇదే" అన్నారు. నేను తల తిప్పేసుకున్నాను.

పది తర్వాత గొంతు పెంచకూడదని నియమం. పడుకోబోయేముందు హీటరు ఆపేయాలని గోడకు కాగితం అంటించి ఉంది. గుడ్డ ఇల్లు కదా, న్యాయమే. కానీ హీటరు ఆపిన పది నిమిషాల్లో లోపలి వెచ్చదనం మొత్తం పోయింది. గుడ్డ గాలిని ఆపుతుంది గానీ వేడిని నిలబెట్టదు. రెండు గంటలకు ఫోన్లో చూస్తే 48 ఫారన్‌హీట్, అంటే 9 డిగ్రీలు. లోపలా అంతే ఉన్నట్టుంది. కరెంటు దుప్పటి ఒక్క పెద్ద మంచానికే ఉంది కాబట్టి అక్కడ నాన్ననూ బాబునూ పడుకోబెట్టాం. మేమిద్దరం మడత మంచాల మీద. చలి పైనుంచి రాదు, కిందనుంచి వస్తుంది. మంచం అడుగున గాలి ఆడుతుంటే పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా వీపు చల్లబడిపోతూనే ఉంది. మూడింటికి లేచి కప్పుకున్న రెండింటిలో ఒకటి తీసి కింద పరుచుకున్నాను. అప్పుడు పట్టింది నిద్ర.

అంతకు ముందు బాత్రూము సంగతి. మా టెంట్‌కు నూట నలభై అడుగుల దూరం. నాన్న రాత్రి రెండుసార్లు లేస్తారు. మొదటిసారి టెంట్ తాడు కాలికి తగిలి తూలారు, మా ఆయన పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. అప్పటికప్పుడు బాబు తెల్ల సాక్సులు ప్రతి తాడుకూ ఒకటి చొప్పున కట్టేశాను. పెద్దవాళ్లుంటే బుక్ చేసేటప్పుడే బాత్రూముకు దగ్గరి టెంట్ అడగండి. అడిగితే ఇస్తారని తర్వాత తెలిసింది.

శనివారం ఆరూ పావుకు ఎండ టెంట్‌ను తాకింది. బయట ఒకోటియో అనే ముళ్ల పొద ఉంది, నేలలోంచి లేచిన కర్రల గుత్తిలా ఉంటుంది. ఆ కర్రల నీడలు గుడ్డ మీద ఒక్కొక్కటే గీతలుగా దిగి, నారింజ రంగులో వణుకుతూ నిలబడ్డాయి. జిప్పు పొడవునా సన్నటి ఇసుక గీత పేరుకుని ఉంది. మా చేగోడీల సంచికి ఒక మూల చిన్న కన్నం, ఎలుక పని. తినేవి ఏవీ టెంట్‌లో ఉంచకండి, కారులో పెట్టండి.

ఆ పొద్దున పామ్ కాన్యన్ నడిచాం. కారుకు పది డాలర్లు, పోనూ రానూ మూడు మైళ్లు. నాన్న కోసం మెల్లగా వెళ్లాం, మూడున్నర గంటలు పట్టింది. ఆ ఏడాది వానల్లేక పూలు లేవు. చివర రాళ్ల మధ్య కాస్త నీటి చెమ్మ, దాని చుట్టూ విసనకర్ర ఆకుల చెట్లు. కాలిఫోర్నియాలో తనంతట తాను మొలిచే తాటి జాతి ఇదొక్కటే. ఎండిన ఆకులు రాలిపోకుండా కాండం చుట్టూ పరికిణీలా వేలాడుతున్నాయి, కొన్ని మొదళ్లు పాత మంటలకు నల్లబడి ఉన్నాయి. "తాటిచెట్లే ఇవి! మన తాటిచెట్లే!" అని నాన్న ఎండుటాకు ఒకటి పట్టుకుని చూశారు. "కప్పుకు పనికొస్తుంది" అన్నారు.

మధ్యాహ్నం టెంట్‌లో పడుకుందామనుకుంటే కుదరలేదు. బయట ఎండ ఓర్చుకునేలా ఉంది, లోపల మాత్రం ఆవిరి పెట్టినట్టుంది. గుడ్డ అడుగు అంచులను చుట్టి పైకి కట్టేయవచ్చని పక్క టెంటావిడ వచ్చి చూపించింది. అలా చేశాక గాలి ఆడి నాన్న గంటసేపు కునుకు తీశారు. సాయంత్రం ఊరవతల ఇసుకలో నిలబెట్టిన ఇనుప బొమ్మలు చూశాం. రికార్డో బ్రెసేడా చేసిన పెద్ద పాము బొమ్మ ఒకటి రోడ్డుకు రెండు పక్కలా నేలలోంచి లేచి మునిగినట్టు ఉంటుంది, 350 అడుగుల పొడవు. బాబుకు అదే ఎక్కువ నచ్చింది. టికెట్ లేదు.

ఆ సాయంత్రం మబ్బులు కమ్మాయి. తొమ్మిదికి గాలి మొదలైంది. ఆఫీసు మనిషి బండిలో తిరుగుతూ అందరికీ చెప్పి వెళ్లాడు: మంట ఆర్పేయండి, కుర్చీలు లోపల పెట్టండి, కిటికీలూ తలుపూ జిప్పులు పూర్తిగా మూసేయండి, ఒక పక్క తెరిచి ఉంటే గాలి లోపలికి దూరి టెంట్‌ను బుడగలా లేపుతుంది అని. మేం మధ్యాహ్నం పైకి కట్టిన అంచులు అలాగే ఉన్నాయి. చీకట్లో, ఇసుక కళ్లలో కొడుతుంటే, నలుగురం నాలుగు పక్కలా పట్టుకుని దింపాం. రెండు తాళ్లు వదులయ్యాయి, ఇసుకలో మేకులు కదిలిపోయాయి. నాన్న మోకాళ్ల మీద కూర్చుని వాటిని ముందుకు లాగి, గడ్డివాముకు కట్టినట్టు ముడి వేసి, మేకు మీద ఇంత రాయి పెట్టారు. ఆ రెండూ పొద్దుటిదాకా కదల్లేదు.

పదకొండు దాటాక గాలి బాగా ముదిరింది. గుడ్డ లోపలికి గుంజుకుని ఒక్కసారిగా బయటికి కొట్టుకుంటోంది, ఎవరో పక్కనే పెద్ద దుప్పటి దులుపుతున్నట్టు. కొయ్య మీద చెయ్యి వేస్తే వణుకు తెలుస్తోంది. తిన్నె అంచులోంచి ఇసుక పొడి లేచి పళ్ల మధ్య కరకరమంటోంది. బాబు నా పక్కన దూరాడు. నాన్న మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు, దీపం వేస్తానంటే వద్దన్నారు.

"ఉప్పెన రాత్రి కప్పు ఇట్టాగే కొట్టుకుంది" అన్నారు చాలాసేపటికి.

1977 నవంబరు 19. మాది దివిసీమ పక్కనే. ఆ రాత్రి నాన్నకు ఇరవై మూడేళ్లు. ఉప్పెన వచ్చిందనీ, ఇల్లు పోయిందనీ మాకు తెలుసు. అంతకు మించి ఇంట్లో ఎప్పుడూ మాట రాలేదు, మేమూ అడగలేదు. "తాటాకు కప్పు లేచిపోయాక మీ బాబాయీ నేనూ తాటిచెట్టు కావిలించుకుని ఉన్నాం. తెల్లారేదాకా. వాడి చేతులు నా చేతుల మీద." అంతే చెప్పారు. నేను పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. చుక్కలు చూపిద్దామని తీసుకొచ్చి ఏం చేశాను అని ఒకటే బాధ.

ఒంటిగంటన్నరకు మా ఆయన వచ్చి "మామయ్యగారూ, కారులోకి వెళ్దాం రండి" అన్నారు. నాన్న మొదట వద్దన్నారు, బాబు "తాతయ్యా, నాకు భయమేస్తోంది, నువ్వూ రా" అంటే లేచారు. కారులో తలుపులు వేయగానే ఆ చప్పుడు సగానికి సగం తగ్గింది. వెనక సీటులో తాతా మనవడూ ఐదింటిదాకా నిద్రపోయారు. గాలి ఉంటుందని తెలిస్తే కారును తలుపుకు దగ్గరగా, గాలి వచ్చే వైపు పెట్టుకోండి. వెనక సీటులో రెండు దుప్పట్లు, నీళ్ల సీసా ముందే వేసి ఉంచండి. పెద్దవాళ్లనూ పిల్లలనూ నడిరాత్రి దాకా ఆగకుండా ముందే కారులోకి మార్చేయాల్సింది, నేను ఆలస్యం చేశాను.

ఆదివారం పొద్దున అంతా నిశ్శబ్దం. నాలుగు టెంట్ల అవతల ఒకటి ఒరిగి పడి ఉంది, అందులోవాళ్లు రాత్రే ఊళ్లోని మోటల్‌కు వెళ్లిపోయారట. ఇసుక మీద గాలి గీసిన చారలు తప్ప ఒక్క అడుగు జాడ లేదు. నాన్న అందరికంటే ముందు లేచి తాళ్లకు కట్టిన సాక్సులు విప్పి, దులిపి, జతలుగా మడిచి పెట్టారు. ఖాళీ చేయాల్సింది పదకొండింటికి, మేం తొమ్మిదిన్నరకే బయల్దేరాం. దారిలో అమ్మకు వీడియో కాల్ చేసి గురువు గురించి, పిల్లలకోడి గురించి చెప్పారు. గాలి సంగతి చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

శుక్రవారం ఆలస్యం గురించీ, అంచులు పైకి కట్టినవి సాయంత్రం దింపుకోవాలని ఎక్కడా రాసి లేకపోవడం గురించీ మార్చి 3న వాళ్లకు రాశాను. పదకొండు రోజుల తర్వాత జవాబు వచ్చింది, శుభ్రం చేసినందుకు తీసుకున్న 45 డాలర్లు వెనక్కి ఇచ్చారు. పెట్రోలు, కట్టెలు, పార్కు రుసుము అన్నీ కలిపితే మాకు అయింది దాదాపు 440.

మార్చి 30న ఉగాది. నాన్న ఊళ్లో పంచాంగ శ్రవణం విని వచ్చి ఫోన్ చేశారు. "శని నిన్న మీనంలోకి వచ్చాడమ్మా. అక్కడినుంచి కనిపిస్తాడా?" అని అడిగారు. ఇంకా సూర్యుడి పక్కనే ఉన్నాడు, కొన్నాళ్లు ఆగితే తెల్లవారుజామున తూర్పున కనిపిస్తాడని చూసి చెప్పాను. "నాలుగింటికి లేవాలన్నమాట. మేడ మీదికి ఎక్కి చూస్తాలే, మన దగ్గర కరెంటు పోతే చీకటే కదా" అన్నారు.